కాటుక అభిప్రాయాలు

కొత్తలంక, నాలుగో మేడ డాబా పుస్తకం. రాసేది భ్రమరాంబ.

కార్తీక శుద్ధ పాడ్యమి, శనివారం

పోటు రెండో అంతస్తు కిటికీల దాకా వచ్చి తీసింది. ట్యాంకులో నీళ్ళు ముప్పాతిక ఉన్నాయి. సోలార్ రేకుల మీద ఉప్పు తుడిచాను. కాటుక రెండు పూటలా పాలిచ్చింది. గుమ్మడి పాదు పూసింది గానీ పిందె నిలవలేదు.

మా తమ్ముడు చక్రధరం పొద్దున్నే మేడల మధ్య నడిచే తీగబుట్టలో వచ్చి దిగాడు. చేతిలో గొంతుపట్టీ. ఇక నుంచి లంకలో ప్రతి జీవానికీ గొంతు ఉండాలట. పోయిన నెల కుక్కలకి కట్టారు, మొన్న మేకలకి కట్టారు, ఈ నెల గేదెల వంతు. లంక మొత్తానికి గేదె ఒక్కటే. కాబట్టి గేదెల నెల అంటే మా కాటుక నెల.

“గొంతులో వణుకు, గుండె చప్పుడు, నెమరు, అన్నీ లెక్క కడుతుందక్కా. దాని మనసులో ఉన్నది మాటల్లో పెట్టి అరుగు మీద రాసేస్తుంది” అన్నాడు పట్టీ బిగిస్తూ.

“దాని మనసులో ఏముంటుందిరా? గడ్డి ఉంటుంది.”

“అదే కదా తెలుసుకోవాలి! ఇన్నాళ్ళూ దాన్ని ఎవరైనా అడిగామా?”

అడగలేదు. నిజమే. నన్నూ ఎవరూ అడగలేదు. నాకు పట్టీ కట్టలేదు, పలక ఇచ్చారు.

రేపు ఎవరైనా ఈ పుస్తకం తిరగేసే నాటికి ఉప్పుగాలికి అరుగు ఎగిరిపోయి ఉండవచ్చు. అందుకని రాసిపెడుతున్నాను. పూర్వం అరుగు ఇంటి ముందు ఉండేది. అలిసినవాడు కూచునేవాడు. ఇళ్ళ ముందుకి సముద్రం వచ్చాక అరుగు పలకలోకి ఎక్కింది. ఇప్పుడక్కడ కూచోవడం కుదరదు, మాట్లాడాలి. రోజూ తెల్లారేసరికి ఒక ప్రశ్న వస్తుంది. దీపాల వేళలోగా లంకలో ప్రతివారూ దాని మీద అభిప్రాయం చెప్పాలి. చెప్పనివారి పేరు పక్కన మౌనం గుర్తు పడుతుంది. గుర్తులు ఎక్కువైనవారిని తీగబుట్ట ఎక్కనివ్వరు. నా పేరు పక్కన చోటు చాలక గుర్తుల్ని కింది వరుసలోకి దించారు. నేను మెట్లెక్కుతాను. ఈ విషయంలో నా మోకాళ్ళకి అభిప్రాయం ఉంది. నేనే చెప్పనివ్వను.

“ఇంకోటక్కా. కట్టాక తియ్యకూడదు. తీస్తే గొంతు నొక్కిన నేరం కింద రాస్తారు” అని చెప్పి చక్రధరం బుట్టెక్కి వెళ్ళిపోయాడు. కాటుక పట్టీని నాకబోయింది. నాలుక అందలేదు. ఊరుకుంది.

విదియ, ఆదివారం

నీళ్ళు ముప్పాతిక. పోటు మామూలే.

కాటుక నా గొంతు వింటేనే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. కొన్ని గేదెలకి దూడ కావాలి, కొన్నిటికి తవుడు కావాలి, దీనికి మాట కావాలి. మనుషులతో నాకు మాట్లాడే పని తక్కువ. అందుకని పాలు పితికే వేళ దాని డొక్కకి నుదురు ఆనించి అమ్మవారితో మాట్లాడుకుంటాను. రోజు మొత్తం మీద నా మాటలు సగం అక్కడే ఖర్చవుతాయి.

ఈ రోజు ప్రశ్న సముద్రపు గట్టు ఎంత ఎత్తు లేపాలన్నది. పొద్దున్నే కింద నుంచి హైమ గొంతు వినిపిస్తూనే ఉంది. హైమ మా చెల్లెలు, నలభై దాటింది. ఈ డాబా కింది అంతస్తులోనే ఉంటుంది. అరుగుకి సంచాలకురాలు. పుట్టినప్పుడు మొదలుపెట్టిన ఏడుపు ఇంకా ఆపలేదని మా అమ్మ అనేది. ఆ గోల వింటూ పాలు పితుకుతూ అమ్మవారితో అన్నాను: “గట్టు ఎంత ఎత్తు లేపాలో లంకంతా చెబుతోంది తల్లీ. రాయి మోసేవాడు ఒక్కడూ కనపడడు.”

సాయంత్రం హైమ పలక పట్టుకుని పరుగున పైకి వచ్చింది.

“అక్కా, కాటుక మాట్లాడిందే! మొదటిరోజే ఏమందో విను. ‘గట్టు ఎంత ఎత్తు లేపాలో లంకంతా చెబుతోంది. రాయి మోసేవాడు ఒక్కడూ కనపడడు.’ కాటుక, గేదె, నాలుగో మేడ. అబ్బ! ఒళ్ళు జలదరించింది నాకు. నోరులేని జీవం చూడు, ఎంత చక్కగా చెప్పిందో.”

“అది నేనన్న మాటే, పొద్దున.”

హైమ పడీపడీ నవ్వింది. “నువ్వా? నువ్వు ‘అన్నం పెట్టనా’ అని అడగడమే రెండు రోజులకోసారి.”

పట్టీ ఉన్నది దాని గొంతు దగ్గరే అయినా చెవి మాత్రం నా నోటి దగ్గర ఉన్నట్టుంది. ‘తల్లీ’ అన్న ఒక్క మాట తీసేసింది. పశువుకి దేవుడు ఉండడని కాబోలు.

నా పేరు పక్కన ఇంకో మౌనం గుర్తు పడింది.

పంచమి, బుధవారం

నీళ్ళు సగం. పాలు కొంచెం ఎక్కువే.

కాటుకకి పేరొచ్చింది. లంకలో అందరికన్నా ఎక్కువమంది దాని మాట కోసం కాచుక్కూచుంటున్నారట. నేనేమో రోజూ చెప్పుకునేవే చెప్పుకుంటున్నాను. ఎన్నో ఏళ్ళ అలవాటు, పట్టీ కట్టారని మానుకోలేను. పైగా ఎవరికి చెబుతున్నానో ఆవిడకి చెబుతున్నాను, మిగతావాళ్ళు విననీ అనుకున్నాను.

గుళ్ళో అర్చనకి యంత్రం పెట్టారు. దాని మీద కాటుక: “వెయ్యి నామాలు ఒక్క ఊపిరిలో చదివేస్తోంది. వినేవాళ్ళకి ఊపిరాడొద్దూ?” ఇది చదివి గుడి కమిటీ రెండుగా చీలింది.

మూడో మేడలో ముసలాయన పోయారు. కాటుక: “అరుగు మీద దండలు గుట్టలు పడ్డాయి. పాడె మొయ్యడానికి నలుగురు లేక పడవవాణ్ణి బతిమాలారు.” దీని కింద కూడా దండలు గుట్టలు పడ్డాయి.

కుక్కల పుట్టినరోజుల మీద: “టోపీలు పెట్టారు, పాటలు పాడారు. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది.”

ఇంకొకటి: “అన్నం తింటూ కూడా పలక వదలదు. ఏ కూర తిన్నావంటే చెప్పలేదు. ఆ కూర మీద అభిప్రాయం మాత్రం చెబుతుంది.” ఇది హైమకి ఎంతో నచ్చింది. కనపడినవాళ్ళందరికీ పంపింది. మధ్యాహ్నం నాకు చదివి వినిపించి, నేను పెట్టిన బీరకాయ కూర అన్నంలో కలుపుకుంటూ “వంకాయ బాగా వేగిందక్కా” అంది.

పోతూ పోతూ నా మౌనం గుర్తులు చూసి నిట్టూర్చింది. “గేదెని చూసైనా నేర్చుకో అక్కా.”

షష్ఠి, గురువారం

మూగజీవ గౌరవ సంఘం అధ్యక్షుడు సుధాంశు వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, తెల్లచొక్కా. జంతువుల మీద రోజుకి ఇన్నిసార్లని రాస్తాడు. జంతువుని దగ్గరగా చూడటం ఇదే మొదటిసారనుకుంటాను, మెట్ల తలుపు దాటి రాలేదు.

“నమస్కారం కాటుకగారూ. మీ అభిప్రాయాలకి మేమంతా రుణపడి ఉన్నాం” అన్నాడు గేదెతో. తర్వాత నాతో, “ఏమ్మా, కొంచెం పక్కకి జరుగుతారా? బొమ్మలో మీరు పడుతున్నారు.”

జరిగాను.

“కాటుకగారూ, బందీగా ఉండటం మీద మీ భావన ఏమిటి?”

కాటుక తోక ఎత్తి మూత్రం పోసింది. నేను నోరు విప్పలేదు కాబట్టి పట్టీ కూడా ఏమీ అనలేదు. సుధాంశు చాలాసేపు చూసి పలకలో ఇలా రాసుకున్నాడు: “లోతైన మౌనం.”

గేదె మౌనానికి లోతు ఉంటుంది. నా మౌనానికి గుర్తు ఉంటుంది.

“ఇంత ఎత్తులో బంధించారే, ఎప్పుడైనా కిందికి దించుతారా?” అని అడిగాడు నన్ను.

దించలేమని చెప్పాను. దూడగా ఉన్నప్పుడు భుజాన వేసుకుని నేనే మెట్లెక్కించాను. అప్పుడు నాకు మోకాళ్ళు ఉండేవి. దానికి పుట్టిన దూడల్ని బుట్ట మోసే వయసులోనే ఒడ్డుకి దింపించేశాం. దీన్ని ఇప్పుడు బుట్ట మొయ్యదు, మెట్ల మలుపులో కొమ్ములు పట్టవు. దానికీ నాకూ ఈ డాబాయే.

“పాపం” అన్నాడు. ఎవర్ని అన్నాడో తెలియలేదు. సంఘం తరఫున పూలదండ పంపాడు. కాటుక తినేసింది.

సప్తమి, శుక్రవారం

నీళ్ళు సగం. పోటు ఎక్కువ. పాలు మామూలే. మిగతాది మామూలుగా లేదు.

శుక్రవారం పూట నేను అమ్మవారిని ఒకటి అడుగుతాను. మా అమ్మ అడిగేది, అమ్మమ్మ అడిగేది. యాభై దాటాక దీపం ముందు చెంపలు వేసుకుని ఎవరైనా అడిగేది అదే. పొద్దున పాలు పితుకుతూ అడిగాను: “మంచం పట్టనివ్వకు తల్లీ. ఒకరికి బరువు కానివ్వకు. చూడాల్సింది చూశాను. నిద్రలోనే తీసుకుపో.”

పాలు వడగట్టేలోపు కింద కేకలు. హైమ మెట్లన్నీ ఏడుస్తూ ఎక్కింది.

“అక్కా, కాటుక చచ్చిపోతానంటోందే!”

“అది కాదే. నేను.”

“నువ్వేంటి?”

“అన్నది నేను.”

“నువ్వెందుకంటావు?”

“శుక్రవారం కదా.”

“వేళాకోళమా ఇప్పుడు! లంకంతా ఏడుస్తుంటే!”

నిజంగానే ఏడుస్తోంది. ఇదే మాట ఈ ఉదయం తమ తమ దేవుడి గూళ్ళ ముందు అనుకుని వచ్చిన ఆడవాళ్ళు కూడా గేదె నోట విని కన్నీరు పెట్టుకున్నారు. గేదెకి ఇంత బాధ ఏమిటని ఒకరినొకరు అడుగుతున్నారు.

మధ్యాహ్నానికి సంఘం వీడ్కోలు ఓటు పెట్టింది. జీవం తన నోటితో అడిగితే కాదనడం క్రూరత్వమట. సగం దాటి ఓట్లు పడితే ద్వాదశి సాయంత్రం వైద్యుడు వచ్చి శాంతిసూది వేస్తాడు. దీపాల వేళకే సగం దాటింది. కాటుకంటే ప్రాణం అన్నవాళ్ళే ముందు వేశారు. ఓటు వేసినవాళ్ళ పేరు పక్కన చిన్న తెల్లపువ్వు వస్తుంది. అది అందంగా ఉంటుంది కాబట్టి మిగతావాళ్ళూ వేశారు.

హైమ పేరు పక్కన కూడా పువ్వు ఉంది.

నవమి, ఆదివారం

మొన్నటి నుంచి పలకతో కుస్తీ పడుతున్నాను. ఒక వేలితో నొక్కి రాశాను: “ఆ మాటలు గేదెవి కావు. నావి. దాన్ని చంపకండి. భ్రమరాంబ.”

మౌనం గుర్తులు ఉన్నవారి మాటకి బరువు లేదట. అందరి మాటల కిందా అట్టడుగున పడుతుందట. బరువు రావాలంటే పాత ప్రశ్నలకి అభిప్రాయాలు చెప్పాలి. సరే అని కూచున్నాను.

చంద్రుడి మీద ఇళ్ళ స్థలాలు ఎవరికి ఇవ్వాలి? నాకు వద్దు.

యంత్రాలకి వారానికో సెలవు ఉండాలా? ముందు మనుషులకి ఇచ్చి చూడండి.

పిల్లులకి ఆత్మగౌరవం ఉందా? వాటికే ఉంది.

పలక అన్నీ తిప్పి పంపింది. “మీ అభిప్రాయంలో ఉత్సాహం తక్కువగా ఉంది. దయచేసి మరింత ఆవేశంగా ప్రయత్నించండి.”

అట్టడుగు దాకా వెతుక్కుంటూ వచ్చి నా మాట చదివినవాళ్ళు కొందరున్నారు. “గేదె పేరు చెప్పుకుని పైకి రావాలని చూస్తోంది.” “చావబోయే జీవం దగ్గర కూడా పోటీయా?” “ఈవిడ రాసిన ముక్క చూడండి. ఇంత పొడిగా రాసే మనిషి అంత బాగా మాట్లాడుతుందా?”

చక్రధరాన్ని పిలిపించాను. పట్టీ తియ్యమన్నాను.

“తియ్యకూడదక్కా. చెప్పాను కదా, కేసు. పైగా తీసినా ఓటు ఆగదు. జీవం తన మాట తనే వెనక్కి తీసుకుంటేనే ఆగుతుంది. కంపెనీని కూడా అడిగాను. పట్టీ పొరపాటు చెయ్యదంటున్నారు.”

“అన్నదెవరు?”

“కంపెనీలో ఎవరున్నారు? యంత్రమే అంది.”

వాడు నా మొహం చూడలేదు. కాటుక మాటలు చూసి జనం పట్టీల కోసం ఎగబడుతున్నారని హైమ చెప్పింది. చిలకలకి కూడా కడుతున్నారట. చిలక ముందే మాట్లాడుతుంది కదా అంటే, అది దాని అసలు అభిప్రాయం కాదట.

“అక్కా, నా మీద ఒట్టేసి చెప్పు. అంతేసి మాటలు నువ్వు మాట్లాడతావా? నేను పుట్టాక నీ నోట అన్ని మాటలు వినలేదే.”

“పాలు పితికే వేళకి ఎప్పుడైనా నిద్ర లేచావురా?”

తల గోక్కుని వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆలస్యంగా లేస్తాడు.

ఏకాదశి, మంగళవారం

ఉపవాసం. నీళ్ళు సగం. గుమ్మడికి ఒక పిందె నిలిచేటట్టుంది.

నిన్న నోరు కట్టుకుని పాలు పితకబోయాను. నేను మాట్లాడకపోతే పట్టీ మాట్లాడదు, అప్పుడు జనానికే అనుమానం వస్తుందనుకున్నాను. కాటుక చేపలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది, కాలు మార్చుకుంది, మళ్ళీ చూసింది. పొదుగు రాయిలా బిగిసింది. అరుగు మీద ఇలా రాశారు: “మాటలు మానేసింది. మనసు సిద్ధం చేసుకుంది.” ఇంకా పువ్వులు పడ్డాయి.

ఈ పొద్దునా అంతే. మూడు పూటల పాలు పొదుగులో ఉండిపోతే వాపు వచ్చి గేదె నరకం చూస్తుంది. సాయంత్రం ఇక ఆగలేకపోయాను. డొక్కకి నుదురు ఆనించి మెల్లగా అన్నాను: “రేపు సాయంత్రం సూది పట్టుకుని వస్తారట తల్లీ. హైమ ఏడుపు ఆపడం లేదు. ఓటు మాత్రం మొదటి వరసలో వేసింది.”

చేపింది. చెంబులో పాలు పడుతున్న చప్పుడు. నా వెనకాల గడ్డిమోపు పక్కన పలక మోగిన చప్పుడు.

హైమ. కాటుకకి చివరిసారి పెడదామని అరటిపళ్ళు తెచ్చింది. ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు. ఒక చేతిలో పళ్ళు, ఒక చేతిలో పలక.

“అక్కా, ఇప్పుడు ఇది నువ్వన్నావు. ఈ చెవులతో విన్నాను. ఇక్కడేమో కాటుక అన్నట్టు పడింది.”

“చెప్పాను కదే.”

“అంటే గట్టు, పాడె, యంత్రం, అన్నీ నువ్వేనా?”

“ఊఁ.”

“కూర మీద అభిప్రాయం చెబుతుందన్నది? అది... అది నా గురించా?”

“బాగుందన్నావుగా.”

“కనపడినవాళ్ళందరికీ పంపానే!” అని నెత్తి కొట్టుకుంది. అరటిపళ్ళు కాటుక లాక్కుంది. “ముందు నా ఓటు తీసేస్తాను. అయ్యో, తియ్యనివ్వదు. సంచాలకురాలు చెబితే వింటారా? వినరు, నన్నే దింపేస్తారు. ఆగు, ఆగు. కాటుక తన మాట వెనక్కి తీసుకుంటే ఓటు రద్దు. అంతే కదా? అయితే రేపు పొద్దున నువ్వే చెప్పెయ్ అక్కా. ‘నాకు బతకాలని ఉంది, నన్ను ఉంచు’ అను. నాలుగు మాటలు. అయిపోయింది.”

“అమ్మవారి దగ్గర లేనిది ఎలా అడగనే?”

“లేనిదేంటి? కాటుకకి బతకాలని ఉండదా?”

“అడిగేది కాటుక కాదు. నేను. ‘నన్ను ఉంచు’ అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆవిడతో అబద్ధం ఆడలేదు.”

హైమకి అర్థం కావడానికి కొంచెం పట్టింది. అయ్యాక మొహం మారిపోయింది.

“అంటే శుక్రవారం శుక్రవారం నిజంగానే అడుగుతున్నావా? అందరూ అనే మాటేలే అనుకున్నాను. నిన్ను బరువన్నది ఎవరు? నేనన్నానా? ఆ చక్రంగాడన్నాడా? చెప్పు, వాడి సంగతి చూస్తాను. మంచం పడితే పడతావు. నేను చూడనా? అమ్మ పోయాక నాకు జడ వేసింది ఎవరు, బడికి పంపింది ఎవరు? అప్పుడు నేను నీకు బరువా? నాకు నోరు పెద్దదే. చేతులు లేవా?”

ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. దిగిపోతూ మెట్ల మలుపు దాకా మాట్లాడుతూనే ఉంది. తర్వాత కూడా వినిపించింది.

కాటుక పడుకుని నెమరు వేసింది. నేనూ పక్కన కూచుని అదే పని చేశాను.

ద్వాదశి, బుధవారం

తెల్లారకముందే స్నానం. తులసికోట దగ్గర దీపం. పోటు వెళ్ళిపోయి గాలి ఆగింది. లంకలో మేడ మేడకీ పలకల వెలుగు కనిపిస్తోంది. గేదె చివరి మాట కోసం ఇంత పొద్దున్నే లేచారు. గట్టు కోసం లేస్తే ఈపాటికి సగం పూర్తయ్యేది.

పొదుగు కడిగి కూచున్నాను. ఏం అడగాలో తెలియలేదు. కాటుక వెనక్కి తిరిగి చూసింది. మాట కావాలి దానికి. ఏ మాట అని దానికి పట్టింపు లేదు.

“తల్లీ, శుక్రవారాలు అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను” అన్నాను.

చేపలేదు. నాకే సరిగా రాలేదు.

“దీన్ని కాపాడుకోవడానికి అడుగుతున్నాననుకుంటావేమో. దాని కోసమే మొదలుపెట్టాను. తీరా వెతికి చూసుకుంటే నాకూ కొన్ని పనులు మిగిలాయి. గుమ్మడికి ఒక్క పిందె నిలిచింది. అది పండాలి. చక్రధరం ఒక్కనాడైనా తెల్లారకముందు లేవాలి. హైమ ఒక్కపూట నోరు మూసుకుని కూచోగా నేను చూడాలి. కనీసం ఆ చివరిది జరిగేదాకా నన్ను ఉంచు. తొందర లేదు.”

ఆ మాట అన్నాక నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి. అబద్ధం కాదని అప్పుడు తెలిసింది. చెంబు నిండిపోయి ఇంకో చెంబు కోసం లేవాల్సి వచ్చింది.

నేను లేచేలోపే లంకలో ఈలలు, కేకలు. ఓటు రద్దయింది. వీడ్కోలు పద్యాలు రాసినవాళ్ళే స్వాగత పద్యాలు రాశారు. సగం పాదాలు మార్చలేదు కూడా. తెల్లపువ్వులన్నీ ఎర్రగా మారాయి. అదీ అందంగానే ఉంది.

తర్వాత అసలు గొడవ మొదలైంది. హైమ నోరు మూసుకునేదాకా కాటుక బతకాలనుకుంటోందంటే, హైమ నోరు మూసుకుంటే కాటుక పోతుందన్నమాట. రెండో ప్రశ్నగా దీన్నే పెట్టమని జనం పట్టుబట్టారు. సంచాలకురాలు కాబట్టి పెట్టాల్సింది హైమే. “హైమవతి నోరు ముయ్యవచ్చా?” ముయ్యరాదని తీర్పు వచ్చింది. ఒక మూగజీవం ప్రాణం నిలబెట్టడానికి ఆవిడ నిరంతరం మాట్లాడాలని తీర్మానం.

“పుట్టాక మొదటిసారి నన్ను మాట్లాడమన్నారక్కా” అంది హైమ, ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక.

సాయంత్రం సుధాంశు, వైద్యుడు రానే వచ్చారు, అభినందించడానికి. సుధాంశు ఈసారి తలుపు దాటి ఒక అడుగు లోపల నిలబడ్డాడు.

“ఇంతకీ ఈ మొత్తం విషయం మీద మీ అభిప్రాయం ఏమిటండీ?” అన్నాడు నాతో.

“పాలు కాగాయి. తాగి వెళ్ళండి.”

“గేదె నుంచి వచ్చిన పాలా?” అని వెనక్కి ఒక అడుగు వేశాడు. అతను పుట్టినప్పటి నుంచీ గొట్టంలో వచ్చే పాలే ఎరుగును. వైద్యుడు మాత్రం రెండు గ్లాసులు తాగి, సూది పెట్టె మర్చిపోయి వెళ్ళాడు. చక్రధరం చేత తిప్పి పంపించాను.

చతుర్దశి, శుక్రవారం

నీళ్ళు ముప్పాతిక. రేకులు తుడిచాను. గుమ్మడి పిందె నిమ్మకాయంత అయింది. కాటుక బాగుంది. పట్టీ ఉంది. మెట్లు ఉన్నాయి.

శుక్రవారం కదా, పాలకి కూచోగానే అలవాటు మాట నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. దాని బదులు గుమ్మడి సంగతి చెప్పాను, గాలి సంగతి చెప్పాను. చక్రధరం ఇంకా పడుకునే ఉన్నాడని చెప్పాను.

చెంబు సగం అయ్యాక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూశాను. తవుడు బస్తా మీద హైమ. తెల్లారకముందే లేచి వచ్చింది. చేతిలో పలక లేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నా మాటలు వింటూ కూచుంది. ఎప్పటి నుంచి కూచుందో. ఒక్క మాట మాట్లాడలేదు.

చూశాను. ఇంకా మాట్లాడలేదు.

ద్వాదశి నాడు అమ్మవారితో ఏమన్నానో గుర్తొచ్చింది.

“తల్లీ, పాలు పితికే వేళ లెక్కలోకి రాదు” అన్నాను గబగబా. ఆవిడ విన్నదో లేదో తెలియదు. హైమ కళ్ళు తుడుచుకుంది. అదీ చప్పుడు లేకుండా.

“హైమా, ఏదో ఒకటి మాట్లాడవే” అన్నాను.

దాని పుట్టుక నుంచీ ఆ మాట దానితో అనడం ఇదే మొదటిసారి.

“ఏం మాట్లాడను? నిన్ను విందామనే వచ్చాను. ఈ వేళలో నువ్వు ఇంత బాగా మాట్లాడతావని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని కదా. అసలు నువ్వు ఆ గుమ్మడి తీగ రేకుల మీదకి పాకించకుండా ఇటు తాడు కట్టి ఉంటే...” అని మొదలుపెట్టింది. కాటుక చెవులు ఆడించింది. నా చేతులు మళ్ళీ కదిలాయి.

పాలు వడగట్టి వచ్చి పలక తీసి చూశాను. అరుగు మీద అన్నిటికన్నా పైన ఉంది.

“హైమా, ఏదో ఒకటి మాట్లాడవే. కాటుక, గేదె, నాలుగో మేడ.”

లంకంతా సమర్థించింది. కింద నా పేరుతో నేనూ ఒక వేలితో “అవును” అని నొక్కాను. పలక కాసేపు ఆలోచించింది. ఈసారి తిప్పి పంపలేదు.

ఒక మౌనం గుర్తు తగ్గింది. తీగబుట్ట ఎక్కాలంటే ఇంకా చాలా ఉన్నాయి. తొందర లేదు.